ట్రెవర్‌కి కట్టిన గాజు ఇల్లు

భార్య నోరీన్ పోయాక మా పక్కింటి క్లిఫర్డ్ సగ్డెన్‌కి మిగిలింది ఆ పాము ఒక్కటే. పిల్లల్లేరు. ట్రెవర్ అని పేరు పెట్టి నోరీన్ ముద్దుగా పెంచుకున్న కొండచిలువ అది. కొండచిలువ అంటే మేకల్ని మింగేదనుకోకండి. నాలుగడుగులుండే చిన్న జాతి, బెదిరితే ఉండలా చుట్టుకుని తల దాచుకుంటుంది. నిజానికి భయమంతా క్లిఫర్డ్‌దే. బార్న్‌స్లీ ఊళ్ళో మా వీధి వీధంతటికీ తలుపులూ అలమారాలూ చేసిపెట్టిన వడ్రంగి, పెళ్ళాం పాముకి తిండి పెడుతోందంటే ఇంట్లో ఉండేవాడు కాదు.

ఇప్పుడా పని అతని నెత్తిన పడింది. ఫ్రీజర్లో బఠాణీల పక్కన, పాము కోసం కొనిపెట్టిన చచ్చిన ఎలుకను తీసి, వేడినీళ్ళలో మంచు వదలగొట్టి, నోరీన్ జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తోనే తడి ఆర్చి, పటకారుతో పట్టుకుని ట్రెవర్ ముందు ఆడించేవాడు. పాము ముట్టేది కాదు.

"నోరీన్ మీద బెంగ పెట్టుకుందమ్మా," అన్నాడోరోజు పెరటిగోడ మీంచి.

"పాములకి బెంగేంటయ్యా! నీ వంట నచ్చలేదేమో."

క్లిఫర్డ్ నవ్వలేదు. నా నోటిదూలకి నాకే కోపమొచ్చింది.

పాత పెట్టె ఇరుకై దిగులుపడుతోందని, పడగ్గది అలమారా ఊడదీసి, ఆ చెక్కతో గోడ పొడవునా గాజు ఇల్లు కట్టాడు. లోపల వేడి దీపాలు, పాకడానికి కొమ్మలు, బోలెడంత చోటు. రాజుగారి మేడలా ఉంది. ట్రెవర్ మాత్రం ఓ మూల ముడుచుకుని, నానాటికీ చిక్కిపోయింది. వెన్నుపూస తేలింది.

"ఇది కూడా పోతే నేనింక ఎవరి కోసం పొద్దున్నే లేవాలమ్మా?" అన్నాడు.

తలుపు వెనక నోరీన్ ఊలు స్వెటర్ వేలాడుతుండేది. దాన్ని ఉతకనిచ్చేవాడు కాదు. ఆవిడ రాసుకునే గులాబీ క్రీమూ, కాల్చే సిగరెట్లూ కలిసిన వాసన అందులో ఉండేది. ఒంటరిగా ఉన్నప్పుడు దాంట్లో మొహం పెట్టుకుని కూర్చోవడం నేను కిటికీలోంచి చూశాను. "నాకంటే దానికే అవసరం," అని ఆ స్వెటర్ తీసి పాము ఇంట్లో పెట్టేశాడు.

ట్రెవర్ ఆ స్వెటర్ పొడుగు చేతి లోపలికి దూరింది. కొన్నాళ్ళకి అందులోంచే తల చాపి ఎలుకను అందుకుంది. క్లిఫర్డ్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వానలో పరిగెత్తుకొచ్చాడు. "తిందమ్మా! ఆవిణ్ణి గుర్తుపట్టింది!" ఇద్దరం గుమ్మంలో నిలబడి ఏడ్చాం.

ఎలుకలు కొనడానికి వెళ్ళినప్పుడు ఈ కథంతా జంతువుల దుకాణంలో చెప్పుకున్నాడు. నేనూ ఉన్నాను. కౌంటర్ దగ్గరి జిలియన్ మంచిపిల్లే, జాలిగానే చెప్పింది. "వీటికి విశాలమైన చోటంటే హడలండీ, సగ్డెన్ గారూ. ఒళ్ళు ఆనేంత ఇరుకూ చీకటీ ఉంటే చాలు. బూట్ల డబ్బాకి కన్నం చేసి బోర్లించినా తినేసేది."

నిజమే కావచ్చు. ఆ నిజాన్ని ఆ పిల్ల నోట్లోనే కుక్కేయాలనిపించింది.

క్లిఫర్డ్ ఇంటికొచ్చి బూట్ల డబ్బాకి కన్నం చేశాడు. ట్రెవర్ మరో ఆలోచన లేకుండా అందులోకి పోయింది. స్వెటర్ బయటికి తీశాడు. పాము దాన్ని పాడు చేసి పెట్టింది, దగ్గరికి పోలేనంత కంపు. మెడపట్టీ ముక్కుకి ఆనించుకుని గట్టిగా పీల్చాడు.

"నా ముక్కు మొద్దుబారిందేమో. నువ్వొకసారి చూడమ్మా. ఆవిడ వాసన ఇంకా ఉందా?"

చూశాను. పాము కంపు తప్ప ఏమీ లేదు.

"ఉందయ్యా," అన్నాను.

మళ్ళీ తీసుకుని ముక్కుకి ఆనించుకున్నాడు. "లేదులేమ్మా," అని, ఉతకడానికి పట్టుకుపోయాడు.