మేస్త్రీ బిగించిన గేరు

ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లుల యంత్రాలు బాగుచేసే లేతు మిషను మేస్త్రీ ఒకాయన, ఎవరు ఏ లెక్క చూపినా, యంత్రాన్ని మోకాలితో ఒకసారి నెట్టి చూసేవాడు. ఆయనకు తెలిసిన కొలత అదొక్కటే. భౌతికశాస్త్రం బోధించే నా దృష్టిలో అది కొలతే కాదు.

ఎమ్మిగనూరులో మా కళాశాల అమ్మాయిలు పోటీకి రోబో తయారుచేస్తున్నారు. బరిలో ఎదుటి రోబోను గీత దాటేలా నెట్టాలి. పరుగుకు ఒక గేరు, నెట్టడానికి మరొకటి ఉండాలని నేను లెక్కగట్టాను. గేర్లు బిగించడానికి ఆయన దగ్గరకు తీసుకెళ్లాం.

"రెండెందుకు సార్? బరిలో ఉరికేది నాలుగడుగులు. గేరు మార్సేలోపల ఈ పాప రోబోను అవతలోళ్లు నూకేస్తారు."

"ఎన్నిసార్లు పరీక్షించి చెబుతున్నారు?"

ఆయన రోబోను మోకాలితో నెట్టాడు. "ఇప్పుడు సూస్తాండా గదా!"

పోటీకి ముందురోజు వెళ్లేసరికి, గేరు మార్చే మీట ఇక కదలకుండా, నెట్టడానికి పెట్టిన గేరులోనే వెల్డింగు చేసేశాడు. అడగలేదు, చెప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. రోబో నడిపే అమ్మాయికి కళ్లనీళ్లు తిరిగాయి. వెల్డింగు కోసి తీయడానికి వ్యవధి లేదు.

మరునాడు మా రోబో గెలిచింది. కప్పు చూపించడానికి అమ్మాయిలతో పాటు నేనూ వెళ్లాను. అభినందించి ఊరుకోలేక, ఒక్క గెలుపు రుజువు కాదనీ, రెండు గేర్లతోనూ పోటీపడి పోల్చనిదే కారణం తేలదనీ వివరించాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "అంటే, నా మాట నిజమో కాదో తెలియాలంటే ఈ పాపోళ్లు ఇంగోసారి రెండు గేర్లతో పోయి ఓడిపోయి రావల్ల. ఆ ముక్క మీరే సెప్పండి సార్ వాళ్లకి."

అమ్మాయిలందరూ నా వైపు తిరిగారు. శాస్త్రపద్ధతి ప్రకారం నా మాటే సరైనది. అయినా, కప్పు అందుకుని చేతిరుమాలుతో తుడవసాగాను.