కంప్యూటర్‌కి నేను పెట్టిన పరీక్ష

నా మోకాలికి చిన్న దెబ్బ తగిలింది. దాన్ని పెద్ద దెబ్బ చేసింది డాక్టరూ కాదు, కంప్యూటరూ కాదు, సాక్షాత్తూ నేనే. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

రావులపాలెంలో అరటిగెలల వ్యాపారం నాది. గెలని నాలుగువైపులా తిప్పి చూడందే, అమ్మేవాడు సొంత తమ్ముడైనా నమ్మను. అలాంటివాణ్ణి, మా ఆవిడ సుజాతకి స్కూటర్ నేర్పుతూ, కాలవగట్టు మీద బండి వెనక పరిగెడుతూ ఎడమకాలు మెలిపెట్టుకున్నాను. సోమవారం తను పక్కూరి బడిలో టీచరుగా చేరాలి. ఆ ఊరికి బస్సు లేదు. బండి రాకపోతే ఉద్యోగం లేనట్టే.

"సరిగ్గా ఇప్పుడే వచ్చిందా మీకు నొప్పి? పరిగెత్తలేక నాటకాలు కాకపోతే!" అంది అనుమానంగా.

అంటూనే రాజమండ్రి తీసుకెళ్లింది. డాక్టరుగారు మోకాలు అటూ ఇటూ లాగి చూశారు. "లోపల లిగమెంట్ కొంచెం తెగినట్టుందండి. స్కాన్ తీయించండి. ఆ ఫొటోలు కంప్యూటర్ చదివి, తెగినచోట ఎర్రగా గుర్తు పెడుతుంది. ఆ తర్వాత నేనూ చూస్తాను."

బయటికి రాగానే మా బావమరిది ఫోను. "బావగారూ, ఎవరు పడుకున్నా ఆ కంప్యూటర్ తెగిందనే అంటుందట. అంతా ఆపరేషన్ కోసమేనండి!"

ఇంకేముంది, బుర్రలో అనుమానం పురుగు తొలచడం మొదలెట్టింది.

స్కాన్ గదిలో టెక్నీషియన్ అడిగాడు. "ఎడమకాలే కదండీ?"

"కాదండీ, కుడిది. చీటీలో పొరపాటున రాశారు."

నమ్మకం కుదరాలని నాలుగడుగులు కుడికాలితో కుంటాను కూడా! బాగున్న కాలు తెగిందని చెప్పిందో, దొంగ దొరికినట్టే. మిషన్ డబడబమంటుంటే లోపల నాలో నేనే నవ్వుకుంటూ పడుకున్నాను. మీలో ఎవరికైనా ఇంత తెలివి ఉందా, చెప్పండి?

బయటికొచ్చేసరికి టెక్నీషియన్ సుజాతతో చెబుతున్నాడు. "ఎక్కడా ఎర్రగుర్తు లేదమ్మా. మోకాలు బంగారంలా ఉంది. రిపోర్టు రేపు ఇస్తారండి."

కంప్యూటర్ నిజమే చెప్పింది. నేను చచ్చాను.

"సుజాతా, అది కుడికాలు! బాగున్న కాలు చూపించాను!"

"ఎందుకూ?"

"కంప్యూటర్ అబద్ధాలు చెబుతుందేమోనని."

"అది చెప్పట్లేదండి. మీరే చెబుతున్నారు. పదండి గట్టుకి."

జీవితంలో మొదటిసారి నిజం చెబితే నమ్మే దిక్కు లేదు. ఏడుపొచ్చింది. అయినా ఆ సాయంత్రం బండి వెనక పట్టుకుని పరిగెత్తాను. కాస్త దూరం పోయానో లేదో మోకాల్లో పటుక్కుమంది. "అమ్మోయ్!" అని కూలబడ్డాను. వెనక నేను ఉన్నాననే ధైర్యంతో తను వంతెన దాకా వెళ్లి, దర్జాగా బండి తిప్పుకుని వచ్చింది.

"చూశారా, ఎంత బాగా..." అంటూనే నా మోకాలు చూసింది. అది పనసకాయలా వాచిపోయింది.

"అయ్యో, నిజమేనా అండీ?" అని భోరుమంది పాపం.

మర్నాడు మళ్లీ అదే గది, అదే టెక్నీషియన్. "ఈసారి ఏ కాలండీ?" అన్నాడు నన్ను ఎగాదిగా చూస్తూ. నేను నోరు తెరిచేలోపే సుజాత తన నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి నా ఎడమ మోకాలికి అతికించింది.

"ఇదండీ. ఈయన మాట మాత్రం వినకండి."

ఈసారి తెర మీద ఎర్రగుర్తు ఆ బొట్టుకంటే పెద్దదే వచ్చింది. "నిన్ననే ఈ కాలు చూపించుంటే కట్టుతో పోయేదండి, ఇప్పుడు ఆపరేషనే" అన్నారు డాక్టరుగారు. సోమవారం సుజాత బండి మీద బడికెళ్లింది, నేను మంచమెక్కాను.

అందుకే ఆ బొట్టు సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఇక ఏ మిషన్‌కీ పరీక్షలు పెట్టను. ఏ కాలు చాపమంటే ఆ కాలే చాపుతాను. కావాలంటే ఆ కాలికి బొట్టు ఇంటి దగ్గరే అతికించుకుని వస్తాను.