కొంగు ముడిలో బిళ్ళ

మొన్నటిదాకా నా కూతురు ఏడాదిపాటు నా స్కూటీ ఎక్కలేదు. మిగతా వాటన్నిటికీ నేను కావాలి. జడ నేనే వెయ్యాలి, బస్సులో నా ఒళ్ళోనే పడుకోవాలి. స్కూటీ తాళం తీశానంటే మాత్రం చెప్పులు విప్పేసి ఇంట్లోకి వెళ్ళిపోయేది.

తప్పు నాదే. ఆరేళ్ళ క్రితం క్లాసులో ఎక్కాలు చెప్పిస్తుండగా ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరాడక, చచ్చిపోతున్నాననుకుని కూలబడ్డాను. గుండెకేమీ లేదు, పానిక్ డిజార్డర్ అన్నారు. నెల రోజులకని రాసిన బిళ్ళని ఐదేళ్ళు మింగాను. మెడికల్ షాపులో అడిగితే "మా అత్తగారికండీ, నిద్ర పట్టదు" అనేదాన్ని. ఆవిడ పోయి అప్పటికి రెండేళ్ళు. అబద్ధమాడరాదని బోర్డు మీద రాసే పంతులమ్మని, పోయినావిడ పేరు చెప్పుకుని రోజుకు నాలుగు మింగాను. సిగ్గులేని బతుకు.

ఆఖరికి ఒక సాయంత్రం కాలవగట్టు మీద, వెనక కూతురుండగా, బండి నడుపుతూనే కునుకు తీశాను. "అమ్మా!" అన్న కేకకి కళ్ళు తెరిచేసరికి ముందు చక్రం గట్టు దిగిపోయింది. తుమ్మకంప అడ్డుపడబట్టి ఆగాం గానీ, లేకపోతే ఇద్దరం కాలవలోనే.

మర్నాడే మా ఆయన నన్ను రాజమండ్రి డాక్టరు గారి దగ్గరికి లాక్కెళ్ళారు. ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం, కొంచెం కొంచెంగా తగ్గించాలన్నారాయన. అప్పటినుంచి రోజూ మా ఆయనే బిళ్ళని బ్లేడుతో కోసి నా చేతిలో పెడతారు. పోయిన నెల డాక్టరు గారు ఇక బండి నడపొచ్చన్నారు. చెప్పినదానికి పైన ఒక్క ముక్క వేసుకున్నా ఆ రోజు బండి ముట్టుకోనని కూతురికి మాటిచ్చాను. అది నా మొహంలోకి చూసి, "చూద్దాంలే" అంది. పదకొండేళ్ళ పిల్ల!

మొన్న ఆదివారం నరసాపురంలో దానికి హాస్టల్ స్కూలు పరీక్ష. మా ఆయనకి డ్యూటీ. ఎక్కాల్సిన బస్సు రాలేదు. గత్యంతరం లేక నా వెనకాల కూర్చుంది. నన్ను పట్టుకోలేదు, సీటు వెనక కమ్మీ పట్టుకుంది. అద్దంలో చూస్తూనే ఉన్నాను.

సఖినేటిపల్లి రేవులో, బళ్ళనీ మనుషుల్నీ గోదావరి దాటించే పంటు మీదికి బండితో సహా ఎక్కాం. రేవు వదిలాక గోదావరి మధ్యలో దిగడానికుండదు, ఆ సంగతి ఎక్కాక గుర్తొచ్చింది. అంతే. అరచేతులు చల్లబడ్డాయి. వేళ్ళు తిమ్మిరెక్కాయి. చుట్టూ మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల ఆటో, ఎటూ కదలడానికి లేదు. ఇక్కడే పోతాను, పిల్ల ఒక్కతే అయిపోతుంది, అదొక్కటే బుర్రలో తిరుగుతోంది.

నా కొంగు ముడిలో ఒక బిళ్ళుంది. మా ఆయనకి తెలియదు. వేసుకోవడానికి కాదు, ధైర్యానికేనని నాకు నేనే చెప్పుకునేదాన్ని. చెయ్యి దానంతటదే ముడి మీదికి పోయింది.

"వచ్చిందా అమ్మా?" అంది కూతురు.

"ఏమీ లేదు. నువ్వు పుస్తకం చూసుకో" అని కసిరాను.

"ఆ ముడి విప్పుతావా?"

కొంగు వెనక్కి లాక్కున్నాను.

"ఉతికిన బట్టలు మడతపెట్టేది నేనే కదా. కొంగులన్నీ ఒక చోటే నలిగి ఉంటాయి" అంటూ జామెట్రీ బాక్సు తెరిచి, మడిచిన వంద రూపాయల నోటు చూపించింది. "నువ్వు వేసుకుంటే వేసుకో. నేను అవతలి రేవులో ఆటో ఎక్కి వెళ్ళిపోతాను. బస్సు రాకపోతే నీ బండే కదా అని రాత్రే తీసిపెట్టుకున్నాను."

ఒళ్ళు మండిపోయింది. చెంప పగలగొడదామన్నంత కోపం. అంతకు మించి ఏడుపు. అంటే నేను ఓడిపోతానని రాత్రే లెక్కేసుకుని పడుకుందన్నమాట! బిళ్ళ ఉన్న ముడిని పిడికిట్లో నొక్కిపట్టి, రెండో చేత్తో పంటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. వచ్చేదేదో రానీ, చస్తే చస్తాను అనుకున్నాను. చెమట వీపు మీంచి కారింది. ఎంతసేపో తెలియదు. అవతలి రేవు దగ్గరపడేసరికి ఊపిరి కిందదాకా దిగింది. చావలేదు.

పంటు దిగి ముడి విప్పాను. చెమటకి బిళ్ళ సగం కరిగి గుడ్డకి అంటుకుపోయింది. గోటితో గీకి దాని చేతిలో పెట్టాను, చూశావా అన్నట్టు. మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

"కళ్ళజోడు పెట్టెలోది కూడా ఇవ్వమ్మా" అంది.

తల దించుకుని అదీ తీసి ఇచ్చాను. రెండిటినీ చెప్పు కింద వేసి పొడి చేసింది. తర్వాత బండెక్కి ఒక చెయ్యి నా నడుం చుట్టూ వేసింది. అద్దంలో చూశాను. రెండో చెయ్యి ఇంకా వెనక కమ్మీ మీదే ఉంది.