వరద ఉన్నన్నాళ్లే ఆట

మా అత్తమ్మకూ బూర్గంపాడులో ఉండే వాళ్లక్కకూ మధ్య ఒక ఇత్తడి వక్కల పెట్టె ఉంది. అది వాళ్లమ్మది. అరచేతిలో పట్టేంత ఉంటుంది. మూత మీద చిలక బొమ్మ, ఆ చిలకకు ముక్కు అరిగిపోయింది. వాళ్లమ్మ పోయాక అది ఎవరింట్లో ఉండాలో తేలక అక్కాచెల్లెళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. గోదావరి పొంగి అక్కడి వీధిలోకి నీళ్లు వచ్చినప్పుడల్లా ఆ అక్క, అంటే మా పెద్దత్త, జూలూరుపాడులో మా ఇంటికి వస్తుంది. వచ్చిన పూట నుంచి వెళ్లే పూట దాకా ఇద్దరూ రమ్మీ ఆడతారు. దారి తెరుచుకుని ఆమె బండెక్కే వేళకు ఎవరు ఎక్కువ ఆటలు గెలిచి ఉంటే, మళ్లీ వరద వచ్చేదాకా పెట్టె వాళ్లది. సమానమైతే ఎక్కడి పెట్టె అక్కడే. ఇన్ని ఆటలని హద్దు లేదు. వరద ఉన్నన్నాళ్లే ఆట.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాక చూసిన మొదటి రెండు వరదల్లోనూ పెట్టె బూర్గంపాడుకే పోయింది. మూడోసారికి అత్తమ్మ పట్టుదలగా ఉంది. టీవీ పక్కన ఒక అర ఖాళీ చేసి, తడిగుడ్డతో తుడిచి, ఇంట్లో ఎవరినీ దానిలో ఏమీ పెట్టనివ్వలేదు. కానీ రెండో ప్రమాద హెచ్చరిక వచ్చిందని పెద్దత్త కొడుకు ఫోన్ చేసే నాటికి, అత్తమ్మ కుడికంటికి శుక్లాల ఆపరేషన్ జరిగి పది రోజులు కూడా కాలేదు. ముక్కల మీది గుర్తులు ఆమెకు అలికేసినట్టు కనబడుతున్నాయి. కళ్లకు శ్రమ ఇవ్వొద్దని దవాఖానాలో గట్టిగా చెప్పి పంపారు.

"నా బదులు నువ్వు కూసో" అంది నాతో.

నాకు రమ్మీ రాక కాదు. ఆంధ్రా సరిహద్దు పక్కనున్న మా పెనుబల్లిలో వేసవి సెలవులన్నీ చిన్నాన్న పిల్లలతో ఆడినదాన్నే. అయితే నా ఆట నాలాగే ఉంటుంది. అప్పటికి పాపకు ఏడాదిన్నర. మరగబెట్టిన నీళ్లను మళ్లీ మరగబెడతాను. తలుపు గడియ వేశానో లేదో చూడటానికి మంచం దిగి రెండుసార్లు వెళ్తాను. ముక్కలు పట్టుకున్నా అదే తీరు. ఏది వేస్తే ఎదుటివాళ్లకు పనికొస్తుందోనని అన్నీ చేతిలోనే దాచుకుంటాను.

పెద్దత్త వచ్చే ముందు రోజు అత్తమ్మ ఎదురుగా కూర్చుని నాతో ఒక ఆట ఆడింది. తన ముక్కలను కంటికి దగ్గరగా పెట్టుకుని అవస్థ పడుతూనే నా చెయ్యి ఆగినప్పుడల్లా పట్టేసింది.

"ఏందే, దేన్ని పట్టుకోని గంతసేపు కూసున్నవ్?"

"రాణి. వేస్తే మీకు పనికొస్తుందేమోనని..."

"నాకు పనికొస్తదో లేదో నాకే తెల్వది. నీకెట్ల తెలుస్తది?"

ఆ రాణిని ఆమె నా చేతే కింద వేయించింది. తర్వాత అద్దాలు సర్దుకుంటూ చెప్పింది. "మీ పెద్దత్తకు ఆలోచించుకునే టైమిచ్చినవనుకో, ఆమెను ఎవ్వరు గెలవలేరు. ఇయ్యకు. ముక్క తీసినవా, వేసినవా, అంతే. ఆమె పారేసిన ముక్కను రెండుసార్లు తీస్కో. పనికొచ్చినా రాకున్నా జల్దీ తీస్కో. మూడోసారి నుంచి ఆమె తన ఆట ఇడిసిపెట్టి నీ ఆట ఆడుతది."

"పనికిరానిది తీసుకుంటే నా చెయ్యి పాడవదా అత్తమ్మా?"

"పాడైతది. ఆమెది ఇంకింత పాడైతది."

పెద్దత్త ఒక్క సంచితో దిగింది. బట్టల కంటే ముందు తువ్వాలులో చుట్టిన పెట్టెను తీసి చాప మధ్యలో పెట్టింది. ఆ తర్వాతే చెల్లెలి ముఖం చూసింది.

"ఏం చెల్లె, నల్లద్దాలు పెట్టినవ్, సినిమాల చేరినవా?"

"నీ మొఖం చూడలేక పెట్టుకున్న."

"ఆటెట్ల మరి?"

"నా కోడలు ఆడుతది."

"పెనుబల్లి పిల్లనా? అండీ అండీ అనుకుంట ముక్కలేస్తదా?" అని పెద్దత్త కడుపారా నవ్వింది. పక్కన కూర్చున్నవాళ్లు నోరు తెరవొద్దన్న పాత నియమాన్ని గుర్తు చేసి, అత్తమ్మ చేత ఒట్టు పెట్టించుకుంది.

మొదటి మూడు రోజులు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బయట వాన ఆగలేదు. పాప దగ్గితే అటు చూసేదాన్ని, తుమ్మితే లేచి వెళ్లేదాన్ని. తిరిగి వచ్చేసరికి పెద్దత్త తన ముక్కలను తీరిగ్గా వరసలు పేర్చుకుని నా కోసం ఎదురుచూస్తూ ఉండేది. మూడో రోజు సాయంత్రానికి ఐదు ఆటలు వెనకబడ్డాను. అన్నం దగ్గర అత్తమ్మ ఆ ఖాళీ అర వైపు ఒకసారి చూసింది.

ఆ పొద్దుగూకే వేళకే వాన తెరిపిచ్చింది. నీళ్లు తీస్తున్నాయని, రేపు మధ్యాహ్నానికి ఆటో తీసుకుని వస్తానని పెద్దత్త కొడుకు ఫోన్ చేశాడు. అది విన్నప్పటి నుంచి పెద్దత్త మరీ నెమ్మదైపోయింది. ముక్కలను పదిసార్లు కలుపుతుంది. టీ అడుగుతుంది. చిన్నప్పుడు వరదలో కొట్టుకొచ్చిన గంగాళం కథ మొదలుపెడుతుంది. ముందున్న మనిషి కదా, రోజు గడిస్తే ఆమెకు చాలు.

మర్నాడు పొద్దున్నే టీ కాచి ఫ్లాస్కులో పోసి చాప పక్కనే పెట్టాను. పాపకు ఉగ్గు పెట్టి అత్తమ్మ పక్కన బొమ్మలు పోశాను. "టీ తాగుతూ ఆడండి పెద్దత్తా, కథ వింటూ నేను పంచుతా" అన్నాను. కలపడం, పంచడం నేనే తీసుకున్నాను. తీసిన ముక్క చేతిలో వెచ్చబడకముందే ఇంకొకటి కింద పడేసేదాన్ని. గంగాళం ఒడ్డుకు రాకముందే ఒక ఆట గెలిచాను.

రెండో ఆటలో అత్తమ్మ చెప్పిన మందు వేశాను. పెద్దత్త పారేసిన కళావరు ఎనిమిదిని తీసుకున్నాను. తర్వాత కళావరు తొమ్మిదిని కూడా లాక్కున్నాను. రెండూ నాకు ఎందుకూ పనికిరావు. పెద్దత్త చెయ్యి గాలిలో ఆగింది. నన్ను చూసింది, తన ముక్కలు చూసుకుంది.

"ఏం జమ చేస్తున్నవే నువ్వు?"

"ఆడండి పెద్దత్తా."

"ఇప్పుడు అండీ అంటుంటే భయమైతుంది నాకు."

అక్కడి నుంచి ఆమె కళావరు ముక్క ఒక్కటి కూడా వదల్లేదు. వదలకుండా పట్టుకుని తన వరసలు తానే విరుచుకుంది. ఆ పొద్దున పాప ఎన్నిసార్లు తుమ్మిందో నాకు తెలియదు. పదకొండు గంటలకు ఆటలు సమానమయ్యాయి.

అప్పుడే, చెప్పిన వేళకంటే ముందే, వాకిట్లో ఆటో ఆగింది. "అమ్మా, పోదమా?" అని పెద్దత్త కొడుకు లోపలికి కేకేశాడు. సమానమైతే పెట్టె ఆమెదే. లేచి సంచి సర్దుకుంటే సరిపోయేది. ఆమె లేవలేదు.

"ఆగురా. సమానంతోటి పట్కపోతే ఏం బాగుంటది?" అని నా వైపు తిరిగి, "పంచు" అంది.

ఆ ఆటలో నాకు మంచి ముక్కలే పడ్డాయి. ఇస్పేటు నాలుగు నుంచి ఏడు దాకా వరస, మూడు రాణులు, మూడు రెండ్లు. ఆటీను తొమ్మిదికీ జాకీకీ మధ్య పది ఒక్కటి రావాలి. అది రావాలనే ఈసారి ఇస్పేట్ల మీద పడ్డట్టు నటించాను. పెద్దత్త ఇస్పేట్లను బిగించి పట్టుకుంది. వేయడానికి వేరే ముక్క లేక ఆటీను పదిని కింద పెట్టింది.

తీసుకున్నాను. నా ఆట అయిపోయింది. మిగిలిన కళావరు మూడును బోర్లా పెట్టి "షో" అనడమే తరువాయి.

అనలేకపోయాను. తప్పు షో అయితే పెట్టె పోతుంది. వరసలో ఏడు అనుకున్నది ఎనిమిదేమో, రాణుల్లో ఒకటి జాకీయేమో. ఇంకొక్కసారి చూసుకుని వచ్చే చుట్టులో చెబుదాం, ఒక్క చుట్టుకు ఏం పోతుందిలే అనుకున్నాను. కళావరు మూడును వెల్లకిలా వేశాను.

పెద్దత్త దాన్ని తీసుకుని, ఇంకో ముక్కను బోర్లా పెట్టి, "షో" అంది.

పాప పెద్దత్త ముక్కలను చూసి చప్పట్లు కొట్టింది. పెద్దత్త పెట్టెను తువ్వాలులో చుట్టి, నా గడ్డం పుణికి, చెల్లెలితో అంది: "నీ కోడలు నాకు చెమటలు పట్టిచ్చిందే." ఆటో మలుపు తిరిగేదాకా అత్తమ్మ వాకిట్లోనే నిలబడింది.

మధ్యాహ్నం ఆమెకు కంట్లో చుక్కలు వేసే వేళయింది. సీసా మీద పేరు చదివాను. తారీఖు చూశాను. మళ్లీ పేరు చదివాను.

"చూసినవా?" అంది మంచం మీద వెల్లకిలా పడుకుని.

"చూశా."

"ఎన్నిసార్లు?"

"రెండు."

"అక్క ఆఖర్ల వేసిన ముక్క తీసినప్పుడే అయిపోయింది గద నీది" అంది.

"మీకు ముక్కలు కనబడ్డాయా?"

"ముక్కలు కనబడలే. నీ చెయ్యి కనబడ్డది. ఆ ముక్కను నడుమ చెక్కినంక చెయ్యి ఆగింది."

"తప్పు షో అయితే మీ పెట్టె పోతుందని..."

"ఎట్లయినా పోయింది గద." ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు ఏడుపొస్తోంది.

"నవ్వకండి అత్తమ్మా, కంట్లో నీళ్లొస్తే మందు వేసినా నిలవదు."

"చుక్కలకు మూడుసార్లు చూస్కో, నాలుగుసార్లు చూస్కో. నా కన్ను అది. ముక్కలకు ఒక్కసారి చాలు. ఇగ వెయ్యి."

ఇంకోసారి చూసి వేశాను.

ఆమె కన్ను ఇప్పుడు బాగైంది. సూదిలో దారం నాకంటే ముందు ఎక్కిస్తుంది. అయినా మధ్యాహ్నం పాప పడుకోగానే మంచం మీద ముక్కలు పరిచి నన్ను పిలుస్తుంది. నా చెయ్యి ఆగితే "ఊ" అంటుంది, అంతే. టీవీ పక్కన అర ఇంకా ఖాళీగానే ఉంది. మా ముక్కల కట్టను కూడా అక్కడ పెట్టనివ్వదు.

వారం నుంచి మళ్లీ వానలు. ఈ సాయంత్రం పాపకు అన్నం పెడుతుంటే, అత్తమ్మ ఫోన్ స్పీకరులో పెట్టి, "అక్కా, నీళ్లెక్కడిదాక వచ్చినయే?" అని అడిగింది.

"ఇంక వీధి మొగదలనే ఉన్నయి" అంది పెద్దత్త. "ఈసారి నువ్వు కూసుంటవా, కోడలు కూసుంటదా?"

అత్తమ్మ నన్ను చూసింది. నేను పాప మూతి తుడుస్తున్నాను.

"కోడలే" అంది.

"అయితే నేను కండ్లద్దాలు మార్పిచ్చుకోనే రావాలె" అని పెద్దత్త ఫోన్ పెట్టేసింది.