సింగపూర్‌లో మంత్రిగారు నన్నడిగిన మాట

నేను మా ఊరి సర్పంచ్‌ని. గెలిచింది నేను, పంచాయతీ ఆఫీసులో కుర్చీలో కూర్చునేది మా ఆయన. నేను సంతకం పెట్టి ఇంటికొచ్చేస్తా. ఆయన చెడ్డమనిషేం కాదు, చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో ఇదే తంతు. కానీ నాకు లోపల కాలతానే ఉంది. ఫోన్లో చెప్పుకుని ఏడిస్తే, సింగపూర్‌లో స్థిరపడిన మా చెల్లెలు పద్మ "ఒకసారి రాక్కా, ఇక్కడ ఆడమంత్రిని చూద్దువుగానీ" అనింది.

నేనూ మా ఆయనా నెల్లూరులో తెల్లారి రైలెక్కి, చెన్నైలో మధ్యాహ్నం విమానం పట్టుకున్నాం. నాలుగు గంటల ప్రయాణం. చాంగీ ఎయిర్‌పోర్టులో దిగాక రైలుకి టికెట్టు కొనే పన్లేదు, బ్యాంకు కార్డు గేటుకి తాకిస్తే చాలు. సెంగ్‌కాంగ్ అనే పేటలో పద్మ ఫ్లాటు. విమానం తిండి తిన్న నోటికి అది పెట్టిన పప్పూ ఊరగాయా అమృతమే.

మర్నాడు భోజనానికి హాకర్ సెంటర్‌కి పోయాం. చుట్టూ తిండి అంగళ్ళు, మధ్యలో బల్లలు. మా ఆయన ఒక బల్ల మీదున్న టిష్యూ ప్యాకెట్‌ని పక్కకి నెట్టి కూలబడ్డాడు. గిన్నె పట్టుకుని చైనా ఆంటీ వచ్చేసింది. "అంకుల్, ఐ చోప్ ఆల్రెడీ లా!" ఆ ప్యాకెట్ పెడితే సీటు వాళ్ళదేనంట. ఈయన గబుక్కున లేచాడు. ఓరి దేవుడా, ఆ కాగితాలకున్న మర్యాద ఊరు ఓట్లేసిన నాకు లేకపాయె అనుకున్నా.

పద్మ వారానికో సాయంత్రం, తను ఇదివరకున్న పేటలో, అక్కడి ఎంపీ జనం కష్టాలు వినే చోట వాలంటీరుగా పనిచేస్తుంది. ఏడున్నరకి మమ్మల్నీ తీసుకుపోయింది. ఫ్లాట్ల కింద స్తంభాల నడుమ ప్లాస్టిక్ కుర్చీలు, కష్టాలు చెప్పుకోవడానికొచ్చిన జనం. దండల్లేవు, జేజేల్లేవు. ఓ మూల బల్ల దగ్గర మంత్రిగారు, ఆ పేట ఎంపీ ఆమేనంట. మొదట లెక్కల టీచరంట, తర్వాత ఎంపీ, ఆపైన చిన్న మంత్రి, ఇప్పుడు పెద్ద శాఖ. అయినా ఇక్కడికి రావడం మానలేదంట. "నన్ను పేరు పెట్టి పలకరిస్తాదమ్మా" అన్నాడు వచ్చీరాని తెలుగులో, నా పక్కన కూర్చున్న తమిళ పెద్దాయన.

జనం తగ్గాక పద్మ "మా అక్క, సర్పంచ్" అని నన్ను చూపించింది. ఆమె లేచి చేయి కలిపి, మీ ఊరికి ఏం కావాలని ఇంగ్లీషులో అడిగారు. పద్మ నాకు తెలుగులో చెప్పేలోపే మా ఆయన అందుకుని కాలవలు, సిమెంటు రోడ్డు అంటూ ఏకరువు పెట్టాడు. ఆమె అంతా విని, నా వైపు తిరిగి, మళ్ళీ అదే మాట అడిగారు. ఈసారి పద్మ తెలుగులో చెప్పింది.

"బళ్ళో ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్ళు లేవు," అన్నా.

"ఇది నాకెప్పుడూ చెప్పలేదే!" అన్నాడు మా ఆయన.

"మీరెప్పుడడిగారు?"

పద్మ అది కూడా ఇంగ్లీషులో చెప్పేసింది. మంత్రిగారు పకపకా నవ్వారు. ఎంపీ అయిన కొత్తలో జనం ఆమెను వదిలేసి, పక్కనున్న మగ సహాయకుడితో మాట్లాడేవాళ్ళంట. "మన కుర్చీలో మనం కూర్చుంటూ ఉంటేనే అలవాటవుతుంది. వాళ్ళకీ, మనకీ," అన్నారు. ఆ తల్లికి మనసులోనే దండం పెట్టుకున్నా.

వారం ఉండి తిరుగు ప్రయాణమయ్యాం. చూడాల్సినవి చానా వదిలేశాం, నాకు మాత్రం కడుపు నిండింది. చెన్నై నుంచి వచ్చే రైల్లో, గూడూరు దాటాక మా ఆయన ఫోన్ మోగింది. పంచాయతీ సెక్రటరీ, గ్రామసభ ఎన్నింటికని. ఈయన నోరు తెరిచి, నా మొహం చూసి, ఏమనుకున్నాడో ఏమో, ఫోన్ నా చేతికిచ్చాడు.

"పదింటికి. బళ్ళో పెట్టండి," అన్నా.

"సార్ వస్తారా మేడం?"

"వస్తారు. జనంలో కూర్చుంటారు."