పిచ్చుకమ్మకి నేర్పిన మొహమాటం

ఆ రోజుల్లో, అంటే జనమంతా మాస్కులు కట్టుకుని తిరిగిన కాలంలో, అన్నం తినడమంత తేలికపని ఇంకోటి లేదనుకునేదాన్ని. ఆకలేస్తే తింటాం, కడుపు నిండితే లేస్తాం. అందులో ఒకరికి నేర్పవలసింది ఏముంటుంది? ఇరవై రెండేళ్ళ వయసులో కోనసీమ నుంచి దుబాయ్ వచ్చి, డేరా అనే పేటలో ఒక తెలుగువాళ్ళ ఫ్లాటులో పిల్లని చూసుకునే పనిలో చేరాక, ఈ ఒక్క విషయంలోనే నా బుర్ర గిర్రున తిరిగిపోయింది.

పిల్లకి నాలుగేళ్ళు. దాని తిండి చూసి పిచ్చుకమ్మ అని పేరు పెట్టింది నేనే. నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని, "ఖలాస్" అని చేతులు దులుపుకుని కుర్చీ దిగిపోయేది. (ఆ మాట కింద వాచ్‌మన్ దగ్గర నేర్చుకుంది. మంచి మాటలు నేర్పడానికి ఇంట్లో మేం ముగ్గురం ఉన్నా లాభం లేకపోయింది.) మా ఊళ్ళో అయితే ముద్ద పట్టుకుని పిల్లల వెనకాల వీధి చివరిదాకా పరిగెడతాం. నేను సోఫాల చుట్టూ పరిగెత్తేదాన్ని. ఇది చూసి చూసి మేడం ఒకరోజు పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చి, ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించారు. పిల్లని తినమని అనకూడదు. తినకపోతే కోప్పడకూడదు. తింటే మెచ్చుకోకూడదు. వెంటపడకూడదు, ఫోను చూపించకూడదు. అన్నీ చదివాక నాకు మిగిలిన పనేమిటో తోచలేదు.

"మరి నన్నేం చెయ్యమంటారండీ?" అని అడిగాను.

"రేపట్నుంచి నువ్వు కూడా మాతో టేబుల్ దగ్గర కూర్చుని తిను. ఇంట్లో పెద్దవాళ్ళు కూరలు ఇష్టంగా తింటుంటే చూసి అదే నేర్చుకుంటుందట" అన్నారు మేడం. వచ్చే నెల డాక్టరమ్మ మళ్ళీ బరువు చూస్తుందని, పెరక్కపోతే వాళ్ళ అత్తగారిని ఇక్కడికి రప్పించుకుంటామని కూడా అన్నారు. అత్తగారు వస్తే నేను ఇంటికి పోవలసిందే. ఆ మాట ఆవిడ పైకి అనలేదు గానీ నాకు అర్థమైపోయింది.

పై అంతస్తులో పనిచేసే రాజోలు పిన్నిని సలహా అడిగాను. (నాకు వరసకి పిన్ని కాదు. దుబాయ్‌లో పదేళ్ళ అనుభవం ఉన్నావిడని ఇంకేమని పిలుస్తాం?) ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. "ఏటే, ఆళ్ళతో సమానంగా కూచుని తినేత్తావా? కూచోమన్నారు కాబట్టి కూచో. రెండు మెతుకులు కెలికి లేచెయ్. కడుపు నిండా తిన్నావో, పనిమడిసికి పొట్ట పెద్దదంటారు" అంది.

ఆ సలహాని అక్షరాలా పాటించాను. మేడం బీరకాయ కూర గరిటెతో తీయగానే, "వద్దండి, చాలండి, మధ్యాహ్నం తిన్నదే అరగలేదండి" అని కంచానికి చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. తర్వాత వంటింట్లో గిన్నెలు తీస్తూ, మిగిలిన కూరంతా గిన్నెలోనే కలిపేసుకుని, నేలమీద చతికిలబడి అసలు భోజనం చేసేదాన్ని.

వారం తిరగకుండా పిచ్చుకమ్మలో మార్పు వచ్చింది. ఖలాస్ మానేసింది. మేడం గరిటె ఎత్తగానే కంచానికి చిన్న చెయ్యి అడ్డం పెట్టి, "వద్దండి, చాలండి, మధ్యాహ్నం తిన్నదే అరగలేదండి" అంది. సారుకి పొలమారింది. "ఇవన్నీ ఎక్కడ నేర్చుకుంటోందిరా బాబూ!" అన్నారు. ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. నేనూ నిజంగానే ఆలోచనలో పడ్డాను. (అంతటి తెలివి నాది.)

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళడానికి నాలుగు రోజుల ముందు మేడం ఇంట్లో ఉన్న మిషను మీద పిల్లని నిలబెట్టారు. పావుకిలో తగ్గింది. సరదాకి నన్నూ ఎక్కమన్నారు. రెండు కిలోలు పెరిగాను. "నువ్వేమో మెతుకు ముట్టవు. మరి ఇదెలా?" అని ఆవిడ మిషనుని తిరగేసి చూశారు.

ఆ మధ్యాహ్నం మేడం ఫోనులో మీటింగులో ఉన్నారు. నేను వంటింట్లో నేలమీద కూర్చుని బీరకాయ కూర కలుపుకుంటుంటే పిచ్చుకమ్మ గుమ్మంలోకి వచ్చింది. "అక్కా, నీకిప్పుడు అరిగిపోయిందా?" అని అడిగింది. నా పక్కనే మఠం వేసుకుని నోరు తెరిచింది. ఫ్రిజ్ మీద కాగితం వైపు చూశాను. ముద్ద పెడితే తప్పా, పెట్టకపోతే తప్పా? తేల్చుకునేలోపు నా చెయ్యి దాని నోట్లో ముద్ద పెట్టేసింది. ఒకటి, రెండు, ఐదు. ఆరో ముద్దకి తలెత్తితే మేడం నిలబడి ఉన్నారు.

ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాను. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను.

"టేబుల్ దగ్గర ఎందుకు తినవు?" అని అడిగారు.

"మీ ముందు మొహమాటమండీ" అన్నాను.

ఆవిడ పిల్ల వైపు చూశారు, నా వైపు చూశారు, మళ్ళీ పిల్ల వైపు చూశారు. అప్పుడు నా మొద్దు బుర్రకి కూడా వెలిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. "రాత్రి భోజనానికి నీకెంత ఆకలుంటే అంతా తీసుకుని రా" అని మాత్రం అని, ఆవిడ మళ్ళీ మీటింగులోకి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నానే గానీ చెయ్యి కదల్లేదు. ఒక చెవిలో రాజోలు పిన్ని, ఇంకో చెవిలో మేడం. ఇద్దరిలో ఎవరి మాట వింటే ఇక్కడ ఉండనిస్తారో తెలియలేదు. ఇంతలో పిచ్చుకమ్మ కుర్చీ మీద నిలబడి, రెండు చేతులా గరిటె పట్టుకుని నా కంచంలో కూర కుమ్మరించింది. సగం బల్ల మీద పడింది. "మొహమాటపడకు అక్కా, తిను" అంది. నేను తింటుంటే తనూ కూర్చుని తినడం మొదలుపెట్టింది. మూడుసార్లు అడిగి వేయించుకున్నాను, దాంతోపాటు అదీనూ. పిల్లకి తినిపించమని నన్ను పెట్టుకుంటే, కొసరి కొసరి వడ్డించి నా కడుపు నింపింది ఆ పిల్లే. అత్తగారు రాలేదు, నేను మూడేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాను. కుర్చీ అంచున బిగుసుకుని, నకనకలాడే కడుపుతో "చాలండి" అంటున్న ఆ ఇరవై రెండేళ్ళ పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, నవ్వుతూనే దాని కంచంలో ఇంకొంచెం వడ్డించాలనిపిస్తుంది.