కమాను విరిగిన మా బాడుగ కారు

మా చిన్నప్పుడు... జగ్గయ్యపేటలో మా వాకిట్లో ఒక కారు, చక్రాలు ఊడదీసి, మొద్దుల మీద ఎత్తిపెట్టి ఉండేది. దాని కింద నాన్న వెల్లకిలా పడుకుని... కాళ్లు మాత్రం బయటికి కనిపించేవి.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలు. ఆ పాత బాడుగ కారే మా బతుకుతెరువు. పెళ్లివారినీ, జబ్బు చేసినవాళ్లనీ నందిగామకీ బెజవాడకీ తిప్పేవాడు నాన్న. ఆ గతుకుల దారికి కారు కింద కమాన్లు... అంటే బండి బరువు మోసే ఇనప బద్దల కట్టలు... వంపు పోయి చదునైపోయాయి.

కొత్తవి మద్రాసు నుంచి రావాలనీ, ఎప్పుడొస్తాయో తెలియదనీ, కారు వదిలేసి వెళ్లమనీ బెజవాడ షెడ్డువాళ్లు చెప్పారట.

"ఆలస్యమైనా అక్కడే ఇచ్చేయండి. మనుషులెక్కే బండి," అంది అమ్మ.

"బండి అక్కడ పడుంటే మనం ఏం తింటాం? కమ్మరి చేత బాగు చేయించి నేనే బిగిస్తాలే," అన్నాడు నాన్న.

కమ్మరి వీరాచారి ఆ బద్దలను కొలిమిలో కాల్చి, కొట్టి, మళ్లీ వంపు తెచ్చాడు. నాన్న గ్రీజు పూసి, ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించాడు. చక్రాలు తగిలించి మొద్దులు తీసేసరికి కారు ఠీవిగా ఎత్తుకు లేచి నిలబడింది... నాన్న ముఖం అంత వెలగడం నేను మళ్లీ చూడలేదు.

తొలికాన్పుకి పుట్టింటికొచ్చిన శాంతమ్మత్త, నాన్న చెల్లెలు, అరుగు మీద కూర్చుని నవ్వింది. "అన్నయ్యా, ఆసుపత్రికి నన్ను ఇందులోనే తీసుకెళ్లాలి. ఎడ్లబండి ఎక్కను గాక ఎక్కను."

కొన్ని వారాలు కారు బాగానే తిరిగింది.

ఒక ఉదయం అత్తకి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగిందనీ, తనవల్ల కాదనీ మంత్రసాని చేతులెత్తేసింది. నాయనమ్మ ఒడిలో అత్త తల... నా చెయ్యి అత్త వదలకపోయేసరికి నన్నూ కారెక్కించారు.

నందిగామ ఇంకా కొంత దూరం ఉందనగా, కింద తుపాకీ పేలినట్టు చప్పుడు. కారు ఒక పక్కకి ఒరిగిపోయింది. నాన్న దిగి, వంగి చూసి, అలాగే నేల మీద కూలబడ్డాడు.

"లేవరా! బండి తీసుకురారా!" అని అరిచింది నాయనమ్మ.

నాన్న పొలాలకడ్డంపడి పరిగెత్తాడు. ఎవరిదో ఎడ్లబండి, అందులో గడ్డి పరిచి... ఆ కుదుపులకి అత్త అరిచిన అరుపులు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి.

నందిగామ డాక్టరు అత్తని బతికించాడు. మగపిల్లవాడు... ఏడవనే లేదు.

తర్వాత కారుని ఎడ్లు కట్టి బెజవాడ షెడ్డుకి లాగించారు. మేస్త్రీ విరిగిన బద్ద చూశాడట. "కొత్తవేసినా ఆ రోడ్డు మీద ఏదో ఒకరోజు విరిగేవేనండి," అన్నాడట. నిజమే చెప్పాడో, నాన్న ముఖం చూసి జాలిపడ్డాడో తెలియదు. నాన్న కారు అక్కడే అమ్మేసి, కాలినడకన బయల్దేరి ఇంటికి వచ్చాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఒక బట్టలకొట్లో గుమాస్తాగా చేశాడు. స్టీరింగు మళ్లీ పట్టలేదు.

"నీ తప్పేముందన్నయ్యా," అంది అత్త, అత్తారింటికి వెళ్లేటప్పుడు. అత్తకి మళ్లీ పిల్లలు కలగలేదు. అమ్మ "నేను చెప్పాను కదా" అని ఒక్కనాడూ అనలేదు... అనేసి ఉంటే నాన్నకి కాస్త తేలికయ్యేదేమో.

ఇప్పుడు ఆ దారంతా నున్నటి పెద్ద రోడ్డు. ఎటు చూసినా షెడ్లు. పొద్దున మా మనవరాలు కారు ఇస్తే, కింద ఏవేవో మార్చి సాయంత్రానికి చేతిలో పెడుతున్నారు. మొన్న అటు వెళ్తూ ఆ చోటు గుర్తుపడదామని అద్దంలోంచి చూస్తూనే ఉన్నా... లాభం లేకపోయింది, నందిగామ వచ్చేసింది.

మీ ఇళ్లలోనూ ఎవరూ దాని గురించి నోరెత్తని రోజు ఒకటి ఉంటే, ఇక్కడ చెప్పండి... మా ఇంట్లో ఆ రోజు గుర్తున్నదాన్ని ఇక నేనొక్కదాన్నే.